అత్తగారి మోకాలు, ముడిచమురు ధర

వాట్‌ఫర్డ్‌లో ఆ సోమవారం తెల్లవారిందని గడియారం చెప్పింది గాని, ఆకాశం ఒప్పుకోలేదు. ఆంజనేయప్రసాద్ దుప్పట్లోంచే ఫోన్ తీసి పౌండు రేటు చూశాడు. నూట పద్దెనిమిది రూపాయలు. కాకినాడలో ఉన్న అత్తగారు కాంతం మోకాలి ఆపరేషన్ శుక్రవారం. దానికి ఆ ఉదయమే మూడు వేల పౌండ్లు పంపాలని అనుకున్నాడు.

"పంపేశారా?" అంది వరలక్ష్మి టీ కలుపుతూ.

"ఆగవే. గల్ఫ్‌లో ఓడల మీద దాడులట. చమురు ధర లేస్తుంది, మనవాళ్లు ఎక్కువ డాలర్లు కొనాలి, రూపాయి రూపు మాసిపోతుంది. గురువారానికి పౌండు నూట ఇరవై. ఆరు వేలు మిగులు!"

"అవతల అమ్మ గోడ పట్టుకుని నడుస్తోందండీ."

"గోడ ఎక్కడికీ పోదులే."

చేతి చమురు వదలకుండా చమురు మీదే సంపాదించాలనుకున్న అల్లుడు, అత్తగారి మోకాలికి ఆ విధంగా మోకాలడ్డాడు.

మంగళవారం కాంతం గారే వీడియో కాల్ చేసింది. రేటు కోసం ఆగానని చెప్పడానికి ప్రసాద్‌కి నోరు రాలేదు.

"యుద్ధం వల్ల బ్యాంకులో కాస్త ఇబ్బందిగా ఉందండీ, అత్తయ్యగారూ."

అబద్ధం చిన్నదే. కానీ చమురుతోపాటు గ్యాసు ధరా ఎక్కింది కనుక అతను హీటింగ్ ఆపేసి, సోఫాలో కోటూ మంకీ క్యాపుతో కూర్చుని ఉన్నాడు.

"ఇంట్లో ఆ టోపీ ఏంటి బాబూ?"

"హీటర్ వేయట్లేదండీ. యుద్ధం కదా."

"అమ్మాయీ, ఏం తిన్నావే?"

"రెండు బ్రెడ్డు ముక్కలమ్మా," అంది డైటింగులో ఉన్న వరలక్ష్మి.

కాంతం గారు కళ్లొత్తుకుని ఫోన్ పెట్టేసింది.

బుధవారం నూట పంతొమ్మిది. ఒక ఓడ మునిగిందన్న వార్త చదివి ప్రసాద్ సంతోషించాడు. అందులో ఎంతమంది ఉన్నారో చదివి సిగ్గుపడ్డాడు. తర్వాత మళ్లీ రేటు చూశాడు.

గురువారం నూట ఇరవై! పంపబోతుంటే బావమరిది రఘు ఫోన్.

"బావగారూ, డబ్బు అందిందా?"

"నేనింకా పంపందే, నాకు అందడమేంటయ్యా?"

"అమ్మ పంపిందండీ! మొన్నే ఆపరేషన్ కాన్సిల్ చేయించి, గాజులు తాకట్టు పెట్టి, రెండు లక్షలు. 'పిల్లలు అక్కడ చలికి వణుకుతూ బ్రెడ్డు ముక్కలతో బతుకుతున్నారు, నా మోకాలికేం తొందర' అంది. నేను చెబితే వింటేనా!"

ప్రసాద్ ఖాతా తెరిచాడు. పడిపోయిన రూపాయి లెక్కన, బ్యాంకు తన కోత తాను కోసుకోగా, రెండు లక్షలు పదహారు వందల పౌండ్లై వచ్చి కూర్చున్నాయి. వెనక్కి పంపితే ఎనిమిది వేలు నష్టం, తాకట్టు వడ్డీ వేరు. భుజం మీదుగా ఆ అంకె చూసిన వరలక్ష్మి వంటింట్లోకి వెళ్లి టీ మాత్రం ఒక్క కప్పే కలుపుకుంది.

మొత్తం నాలుగు వేల ఆరు వందలూ, రేటు కూడా చూడకుండా, అప్పటికప్పుడే పంపేసి అత్తగారికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, ఇక్కడ యుద్ధం లేదు, ఆకలి లేదు. తప్పంతా నాదే. రేటు పెరుగుతుందని నేనే ఆగాను."

"నాకు ధైర్యం చెప్పడానికి అలాగే అంటారు బాబూ," అంది కాంతం గారు.

మర్నాడు ఆసుపత్రి వాళ్లు కొత్త తేదీ ఇవ్వబోతే, వాట్‌ఫర్డ్‌లో శాంతి నెలకొనేదాకా వద్దని చెప్పింది.