కిక్కురుమనని ధ్వని వారోత్సవం

మా వీధి చివరి బడిలో ధ్వని వారోత్సవం పరిపూర్ణ నిశ్శబ్దంలో విజయవంతంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పెళ్లయిన కొత్త కదా, ఈమధ్య నేను దేనికైనా సంతోషిస్తాను.

ప్రారంభసభలో హెడ్మాస్టరుగారు మైకు పట్టుకుని అద్భుతంగా మాట్లాడారు. "మాటలో దాగిన ధ్వనులను చెవితో పట్టుకున్న పిల్లలే అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు. చదువుకు పునాది ధ్వని. కాబట్టి ఈ వారమంతా ఎవరూ కిక్కురుమనకూడదు."

పిల్లలు నోటిమీద వేలేసుకుని విన్నారు. పెద్దలం చప్పట్లు కొట్టాం. పెద్దల చప్పుడు చప్పుడు కిందికి రాదు.

తరగతిలో 'క' ధ్వనికి ఎరుపు, 'మ' ధ్వనికి పసుపు రంగు వేయించారు. నోటితో పలికినవాళ్లను బయట నిలబెట్టారు. చదువంటే ఇదీ అని వీధంతా మెచ్చుకుంది.

మా ఆడపడుచు కూతురు అక్కడే ఒకటో తరగతి. నోరు మూతపడదని ఇంట్లో దాన్ని గిలక అంటాం. అక్షరాలన్నీ గుర్తుపడుతుంది, రెండు కలిపి చదవమంటే బిక్కమొహం వేస్తుంది. వారం చివరి పరీక్షలో కొత్త వాక్యం ఒక్కటి చదవకపోతే మళ్లీ ఒకటో తరగతే. దాని తల్లి, మా వదినకు అన్నం సహించడం లేదు.

మావారు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ దానితో ఆట మొదలుపెట్టారు.

"గరిటెలో మొదటి చప్పుడు తీసెయ్."

"రిటె."

"మామయ్యలో?"

"మయ్య. అత్తయ్యలో తీస్తే నోరు తిరగట్లేదు మామయ్యా, అత్తని అలాగే ఉంచేద్దాం."

ఉంచేశారు. ఆ పూట కూర మాడింది, అదీ రుచిగానే ఉంది. మర్నాడు ప, ల, క విడివిడిగా పలికి కలపమంటే 'పలక' అంది. నాలుగురోజుల్లో పుస్తకంలో అక్షరాలూ దానికి అలాగే కలిసిరావడం మొదలైంది.

పరీక్షనాడు పెద్దవాళ్లం గోడవార నిలబడ్డాం. హెడ్మాస్టరుగారు ఒక్కొక్కరి ముందూ వాక్యం రాసిన అట్ట పెడతారు. పిల్లవాడు కాసేపు చూసి తలూపుతాడు. పాసు. ఎంత గట్టిగా ఊపితే అన్ని మార్కులు.

గిలక తలూపలేదు. అట్టమీద వేలు పెట్టి, "పి... ల్లి. పిల్లి. గో... డ. గోడ. పిల్లి గోడ దూకింది," అని చదివింది. వెనక్కి తిరిగి, "అమ్మా, దూకేసింది," అంది.

వదిన కళ్లు తుడుచుకుంది. హెడ్మాస్టరుగారు గిలకను ఫెయిల్ చేశారు.

"అదేంటి సార్, చదివింది కదా," అంది వదిన.

"వినపడింది కదమ్మా, అదే బాధ," అన్నారాయన ఎంతో దయగా.

మిగతా తల్లులు వదినను ఓదార్చారు. "చదువుదేముంది వదినా, ఎప్పుడైనా వస్తుంది. ముందు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పించు."

మాకింకా పిల్లలు లేరు. అయినా అంత క్రమశిక్షణగల బడిలో సీటు దొరకడం కష్టమని, తిరిగివస్తూ మేమూ పేరు నమోదు చేయించుకున్నాం. వరసలో మా ముందు నిలబడ్డది మీరే అనుకుంటాను.