విక్టర్ ఇంట్లో మెయిల్ ట్రయల్

బుధవారం విక్టర్‌కు వీక్లీ ఆఫ్. టీ తాగి, ఇంటి కంప్యూటర్‌లో మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్ ఒకటి పెట్టేసి, ఆ తర్వాత చికెన్ తేవాలన్నది ఆనాటి ప్లాను. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో అతను మెయింటెనెన్స్ ఫిట్టరు. మిషన్లు అమ్మేవాళ్లు చెప్పే గొప్పలు నమ్మడు. రెండు తెప్పించి, ఒకే సరుకు పోసి, పక్కపక్కన నడిపిస్తాడు. నిలబడిందే ఉంటుంది, రెండోది వెనక్కి పోతుంది. ఇంత శుభ్రమైన పద్ధతి టై కట్టిన ఇంజనీర్లలో ఒక్కడికీ లేదు.

అందుకే ఇంట్లోనూ రెండు ప్రోగ్రాములు దించాడు. ఒకటి నీలం బొమ్మది, ఒకటి ఎర్రబొమ్మది. ఇంద్రేశంలోని ఆ ఇంటికంతా ఒకటే మెయిల్ అడ్రసు, కూతురు క్లారా పేరు మీద; ఆమె ఫోనులోనూ అదే. దాన్నే రెండింటికీ ఇచ్చాడు. దించుకున్న మెయిళ్లను సర్వర్‌లో ఉంచాలా, తీసేయాలా అని రెండూ అడిగాయి. సరుకు లోపలికి తెచ్చాక గేటు దగ్గర వదిలేసే అలవాటు విక్టర్‌కు లేదు. తీసేయమన్నాడు.

పాతవన్నీ నీలం దించుకుంది. గ్యాస్ అని కొట్టగానే ఎప్పటిదో బిల్లు తీసి ముందు పెట్టింది. కొత్తగా వచ్చేవాటిని మాత్రం ఎర్రది దాని కంటే ముందే ఎగరేసుకుపోతోంది.

"మార్తా, జెర ఇటు సూడు! దీని పనితనం ఏముంది!"

"పనితనం సరే, కోడికూర ఎప్పుడు?" అంది భార్య మార్తమ్మ.

వచ్చిన ప్రతి మెయిల్‌కూ తనంతట తానే జవాబు పంపే ఏర్పాటు కూడా ఎర్రదానిలో ఉంది. ట్రయల్‌లో ఉన్న మిషన్‌కు ఫ్యాక్టరీలో బోర్డు కడతారు కదా, ఇదీ అలాంటిదే అనుకుని విక్టర్ అందులో ఇలా రాసిపెట్టాడు: "మీది అందింది. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఏది బాగుంటే అది ఉంచుకుంటాం. రెండోది వాపసు."

కాసేపటికి మార్తమ్మకు పాస్టరుగారి ఫోను.

"ఆదివారం పాటలు మెయిల్ చేస్తే ఇదేం జవాబమ్మా? ఇంకో సంఘం చూస్తున్నరా?"

"అయ్యో, లేదు అయ్యగారూ!" అని ఫోను పెట్టేసి భర్త మీద పడింది. "అయ్యగారిని వాపసు పంపుతవా? ఇగ చర్చికి ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

అంతలో క్లారా పరుగున వచ్చింది. "డాడీ, నా ఫోన్ల మెయిల్స్ అన్నీ మాయమైనయ్! సుల్తాన్‌పూర్ కంపెనీ లెటర్ ఇయ్యాల్నే రావాలె!"

ఆ కంపెనీలో వైద్య పరికరాలు చెక్ చేసే ఉద్యోగానికి ఆమె ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. విక్టర్ ఎర్రదాన్ని తెరిచాడు. లెటర్ ఉంది. ఉద్యోగం ఇచ్చారు. నైట్ షిఫ్ట్. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఇంకొకరికి ఇస్తారట. దాని కిందే, క్లారా పేరుతో వెళ్లిపోయిన జవాబు.

"రెండోది వాపసా!" క్లారా పైకి చదివింది. "వచ్చిన కొలువును వాపసిచ్చినవా డాడీ?"

"పిల్ల నోటికాడి బువ్వ తీసినవ్ గదయ్యా," అంది మార్తమ్మ.

విక్టర్ క్షమాపణ రాద్దామని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. రెండు అక్షరాలు కొట్టాడో లేదో, క్లారా ఫోను మోగింది. సుల్తాన్‌పూర్ కంపెనీ మేడం. క్లారా స్పీకరు నొక్కింది.

"మీ రిప్లై చూసినం క్లారా. వేరే కంపెనీ ఆఫర్ గూడ ఉందని అర్థమైంది. మా సార్‌తోని మాట్లాడిన. నైట్ షిఫ్ట్ వద్దు, జనరల్ షిఫ్టే ఇస్తం. మమ్మల్ని మాత్రం వాపసు చెయ్యకు."

క్లారా తండ్రి వైపు చూసింది. విక్టర్ గాలిలో బోర్డు విప్పుతున్నట్టు చెయ్యి తిప్పాడు.

"ట్రయల్ అయిపోయింది మేడం," అంది క్లారా కళ్లు తుడుచుకుంటూ. "మీరే పాసైన్రు."

ఎర్రబొమ్మది ఆ ఇంట్లో ఉండిపోయింది. చికెన్ తేవడానికి పోయిన మార్తమ్మ, అయ్యగారికీ ఒక కిలో కొట్టించింది. ఇరవై ఏళ్లుగా జనరల్ షిఫ్ట్ అడుగుతున్న విక్టర్, అవే మాటలు తన మేనేజరుకూ పంపి చూశాడు.

"రెండోదే ఉంచుకో" అని జవాబు వచ్చింది.