ముప్పై శాతం వేగం

ఆ రోజు ఉదయం ఆమె వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరాలి. వెళ్ళగానే కంప్యూటర్ మీట నొక్కాలి. అది లేచేలోపు సీసాలో నీళ్ళు నింపుకుని, బల్ల తుడుచుకుని, జడ సరిచేసుకోవాలి. మిగిలిపోయిన ఆఖరి పటం మూడింటికల్లా ఇంజనీరుగారి బల్ల మీద పెట్టాలి. నాలుగింటికి ఆయన ఆమె పరీక్షాకాలం కాగితం చూస్తారు. సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఇంటికి.

నేల కింద నీటి గొట్టాలు ఎటునుంచి ఎటు పోతున్నాయో పటాలు గీయడం ఆ ఆఫీసు పని. ఆమె చేరి ఆ రోజుకు సరిగ్గా ఆరు నెలలు. ఆమె చెయ్యి చురుకే. కంప్యూటరే, గీసిన గీతను తెరమీద చూపించాలా వద్దా అని ప్రతిసారీ ఆలోచించుకునేది. పటాన్ని కాస్త పెద్దది చేసి చూపించమంటే, అది చూపించేలోగా ఆమె రెండు పెన్సిళ్ళు చెక్కేది. ఆరు నెలల్లో ఆఫీసులో అందరి పెన్సిళ్ళకూ మొనలు వచ్చాయి. ఆమెకు నత్తమ్మ అన్న పేరు వచ్చింది.

ఆ పేరు పెట్టింది పెద్ద గుమాస్తా. ఆయనకు చప్పుడంటే గిట్టదు. గోడ గడియారం టిక్కుమంటుందని దాన్ని పక్క గదికి పంపించిన మనిషి. ప్లగ్గు అక్కడే ఉందని ఆమె కంప్యూటర్ పెట్టెను ఆయన బల్ల కింద పెట్టారు. నెలనెలా ఆమె మీద రిపోర్టు రాసేదీ ఆయనే. "వినయం గలదు. పనిలో మందకొడి" అని ఆరుసార్లూ ఒకేలా రాశాడు.

పదకొండయినా పటం సగం కాలేదు. కంప్యూటర్లు బాగుచేసే అక్క మొగుడికి ఫోన్ చేసింది.

"బావా, నా కంప్యూటర్ చచ్చేలా ఉంది."

"నీ చేతిలో పడ్డాక ఇన్నాళ్ళు బతికింది, అదే గొప్ప మరదలా."

"వేళాకోళం తర్వాత. ఇవాళ నా ఉద్యోగం తేలిపోతుంది."

బావ గొంతు మారింది. "సరే, పవర్ సెట్టింగులు తెరువు. అందులో ప్రాసెసర్ అని ఉంటుంది. అది ఎక్కువలో ఎక్కువ ఎంత వేగం పోవచ్చో అక్కడ రాసుంటుంది. ఎంతుంది?"

వెతకడానికి చాలాసేపు పట్టింది. "ముప్పై శాతం."

"ఎవరో దాని ముందరికాళ్ళకి బంధం వేశారు తల్లీ! వంద చెయ్యి. నువ్వు పనిచేసే మిషనేగా, ఎవర్ని అడగాలి?"

వంద చేసింది. అనుకున్నదే తడవుగా గీతలు పడసాగాయి. ఆరు నెలలు మొలలోతు నీళ్ళలో పరిగెత్తిన మనిషికి కాళ్ళ కింద గట్టినేల దొరికినట్టయింది. ఆమెకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

వేగంతో పాటు పెద్ద గుమాస్తా బల్ల కింద పెట్టెలోని ఫ్యాను కూడా, ఏళ్ళనాటి దుమ్ముతో సహా, గుయ్యిమని లేచింది. దుమ్ము వేడెక్కి కమురు వాసన కొట్టింది.

"ఏమిటా మోత? పేలుతుందా ఏమిటి?" అంటూ ఆయన వంగి చూశాడు.

పక్క సీటులోని టైపిస్టు ఆ దుమ్మును పొగ అనుకుంది. "నిప్పు! నిప్పు!" అని చేతిలో సీసాడు నీళ్ళూ బల్ల కిందకు కొట్టింది. చుక్క కూడా పెట్టె మీద పడలేదు. అన్నీ పెద్ద గుమాస్తా కాళ్ళ మీదే పడ్డాయి. చల్లటి నీళ్ళు. ఆయన కెవ్వుమని అరిచి గిలగిల్లాడాడు.

"అయ్యో, సార్‌కి కరెంటు కొట్టింది!"

"చేత్తో ముట్టుకోకండి! కర్రతో విడదీయాలి!"

వాచ్‌మన్ కర్రతో పరుగెత్తుకొచ్చి ఆయన భుజం మీద రెండు వేశాడు.

"నాకేం కాలేదురా, ఆగు!"

"కరెంటు పట్టినోళ్ళకి తెలీదు సార్," అని మూడోది కూడా వేశాడు.

ఈలోగా ఎవరో మెయిన్ కట్టేశారు. ఆఫీసంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులోంచి ఇంజనీరుగారి కేకలు స్పష్టంగా వినిపించాయి. మళ్ళీ మెయిన్ వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి ముప్పావు గంట.

కరెంటు రాగానే ఆమె, అందరూ లిఫ్టు దగ్గర ఉండగా, పోయిన గీతలన్నీ మళ్ళీ గీసి, మిగతావీ పూర్తి చేసింది. మూడింటికి పది నిమిషాల ముందే పటం ఇంజనీరుగారి బల్ల మీద ఉంది.

వెంటనే పిలుపు వచ్చింది. ఇంజనీరుగారి చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. పెద్ద గుమాస్తా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె జరిగిందంతా చెప్పింది.

"సెట్టింగులు ముట్టుకోవడానికి నువ్వెవరు?" అన్నాడు పెద్ద గుమాస్తా.

"మిషన్ నాకిచ్చారు కదండీ."

"మిషన్ ఇచ్చాం. వేగం ఇవ్వలేదు."

"అసలు ముప్పై పెట్టిందెవరు?" అన్నారు ఇంజనీరుగారు.

పెద్ద గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "నేనేనండి. ఈ అమ్మాయి రాకముందే పెట్టించాను. ఫ్యాను మోత భరించలేక."

"అంటే ఈ అమ్మాయి మందకొడి కాదన్నమాట."

ఆరు నెలలుగా ఆమె ఎవరి నోటైనా వినాలనుకున్న మాట అది. గుమ్మం దగ్గర టైపిస్టు కళ్ళొత్తుకుంది. ఇంజనీరుగారు కలం మూత తీశారు.

"ఒక్క మాటండీ," అన్నాడు పెద్ద గుమాస్తా మెల్లగా. "నేను రాసిన ఆరు రిపోర్టులూ తప్పని తేలినట్టే కదా?"

"తేలినట్టే."

"తప్పు రిపోర్టులున్న కాగితం మీద సంతకం పెడితే రేపు మీ మెడకే చుట్టుకుంటుంది. పరీక్షాకాలం అంటే మనిషిని పరీక్షించాలి. మనం పరీక్షించింది నా ఫ్యానుని."

ఇంజనీరుగారు కలం మూత పెట్టేశారు.

"నిజమే. చూడమ్మా, నీ తప్పేమీ లేదని రుజువైంది. అందువల్ల ఆ ఆరు నెలలూ చెల్లవు. రేపటి నుంచి మళ్ళీ ఆరు నెలలు."

"మరి నేను గీసిన పటాలండీ?"

"అవి చెల్లుతాయి. ఇకపోతే, ఎవరి మిషన్ ఎంత వేగం పోవాలో ఇవాళ్టి నుంచి పెద్ద గుమాస్తాగారే చూసుకుంటారు. పాస్‌వర్డ్ ఆయన దగ్గరుంటుంది. కావలసినవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చు."

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "ఏమైంది మరదలా, మిషన్ పరిగెత్తిందా?"

"పరిగెత్తింది బావా. నేనే మొదటికొచ్చాను."

మర్నాడు పొద్దున ఆమెతో కొత్తగా చేరినట్టు దరఖాస్తు నింపించి, పూర్వానుభవం అన్న గడిలో "లేదు" అని రాయించుకున్నారు.