టీచరమ్మ కాలు, స్పానరయ్య బ్రేకు

భార్యకు తెలియకుండా కారు బ్రేకు మార్చెయ్యాలని స్పానరయ్య ఆ ఆదివారం పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. ఆయన చేసేది నీటి పన్నుల ఆఫీసులో గుమాస్తా పని. ఇంట్లో బిగించి ఉన్నదేదీ విప్పకుండా వదలడు కనుక వీధివాళ్లు పెట్టిన పేరది. భార్య లెక్కల టీచరు. ఊరవతల బడికి ఆవిడను హెడ్మిస్ట్రెస్‌గా వేస్తామన్నారు, కానీ అక్కడికి బస్సు లేదు. కారు నడిపితేనే ఉద్యోగం. లైసెన్సు పరీక్షేమో అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ కారణం ఒకటే: ఆవిడ బ్రేకు తొక్కిన తొక్కుకు పక్కనున్న ఇన్‌స్పెక్టరు ముక్కు డాష్‌బోర్డుకు కొట్టుకుంది. మర్నాడు మూడోసారి.

తప్పు ఆవిడ కాలిది కాదు, బూస్టరుదని ఆయన తీర్మానం. కాలి బలాన్ని ఇంతకింత చేసి చక్రాలకు అందించే నల్ల డబ్బా అది. దాన్ని పీకేసి, చిన్న సిలిండరు బిగించి, పెడలు కడ్డీని కాస్త పైకి జరిపితే ఎంత గట్టిగా తొక్కినా కారు మర్యాదగా ఆగుతుంది. సాయంత్రానికి పని పూర్తిచేసి, అచ్చం ఆవిడలాగే తొక్కి చూశాడు. కారు గేటు ముందు నిమ్మళంగా ఆగింది. చెబితే "అంటే నాది ఏనుగు కాలా?" అంటుందని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర బల్ల కింద టమాటా కనిపించింది.

"ఇదేంటోయ్, నేలమీద?"

"జారిపడింది లెండి."

జారిపడిన టమాటా మీద ఆవిడ పాదం ఎందుకుందో ఆయన అడగలేదు. పరీక్ష భయం పాపం, అనుకున్నాడు.

మర్నాడు పరీక్ష మైదానానికి స్పానరయ్య మరదలు, భార్య చెల్లెలు, కూడా తన కారేసుకుని వచ్చింది. ఇన్‌స్పెక్టరు స్పానరయ్య కారులోకి ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకునే ఎక్కాడు. కారు అందంగా బయల్దేరి, అందంగా మలుపు తిరిగి, ఆగాల్సిన గీత దగ్గరికి వచ్చి, అంతే అందంగా గీత దాటిపోయింది. స్పానరయ్య కారు పక్కనే పరుగెత్తుతూ అరిచాడు.

"గట్టిగా తొక్కవే!"

"తొక్కితే చితికిపోతుందండీ!"

"ఏంటి చితికేది?"

"టమాటా!"

అప్పటికి కారు రెండు ప్లాస్టిక్ స్తంభాలను పడగొట్టింది. ఇక ఒళ్లుమండి ఆవిడ తన పాత కాలుతో ఒక్క తొక్కు తొక్కింది. కారు పొదల ముందు మర్యాదగా ఆగింది.

"వారం నుంచీ కాలికింద టమాటా పెట్టి, అది చితక్కుండా మెత్తగా తొక్కడం నేర్పిస్తున్నాను బావగారూ!" మరదలు రొప్పుతూ చెప్పింది. "మీరు నవ్వుతారని అక్క చెప్పొద్దంది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. స్పానరయ్య గొణుగుతూ నిజం ఒప్పుకున్నాడు.

"నన్నొక్క మాట అడిగితే పోయేదిగా?" అంది భార్య.

"నువ్వొక్క మాట చెప్తే పోయేదిగా?" అన్నాడు భర్త.

ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి చూశాడు. "ఇక్కడుండాల్సిన బూస్టరేదండీ?"

"ఇంట్లో... మంచం కింద ఉందండి."

"తెచ్చి బిగించేదాకా ఈ బండి కదలడానికి వీల్లేదు. అమ్మా, తప్పు బండిది. ఇంకో బండి ఉంటే మళ్లీ నడపండి."

మరదలి కారులో మళ్లీ పరీక్ష జరిగింది. ఈసారి ఆవిడ గీత దగ్గర ఎంత మెత్తగా ఆపిందంటే, కారు ఆగిన సంగతి తెలియక ఇన్‌స్పెక్టరు ముక్కు మీంచి చెయ్యి తియ్యలేదు. పాసయిందనగానే స్పానరయ్య సంతోషం పట్టలేక, "మా ఆవిడండీ!" అంటూ ముక్కూమొహం తెలియనివాళ్లందరి చేతులూ పట్టుకుని ఊపేశాడు. తన కారు అక్కడే ఉండిపోయిన బాధ కూడా ఆయనకు గుర్తులేదు.

మరదలు పక్కన కూర్చోగా ఇంటిదాకా టీచరమ్మే నడిపింది. వెనకసీట్లో స్పానరయ్య ప్రతి మలుపులోనూ కాలికింద నేలను బలంగా తొక్కుతూనే ఉన్నాడు. కారు మాత్రం ఆవిడ ఆపినప్పుడే ఆగింది.