షాద్లీ గారి తల మీద ప్రభుత్వ ప్రయోగం

మగవాళ్ల బట్టతలకు కారణం టోపీయేనని శిరోజ సంరక్షణ మంత్రి మజ్దూబ్ గారు సోమవారం ఉదయం ట్యూనిస్‌లో జాతికి ప్రకటించారు. అలాంటి శాఖ ఒకటుందని జాతికి అంతవరకూ తెలియదు. ఒక్క ప్రకటనతో రెండు సంగతులు తెలియజెప్పిన మంత్రిగారి పొదుపును మెచ్చుకోవాలి.

ఆయన ఊరికే ప్రకటించలేదు. డాక్టర్ రవూఫ్ గారి అధ్యక్షతన కమిషన్ వేశారు. కమిషన్ వారు మసీదు పక్కనున్న కాఫీ కొట్టుకు వెళ్లి, షాషియాలు పెట్టుకుని పేకాడుతున్న వందమంది పెద్దమనుషుల చేత ఆ ఎర్ర ఉన్ని టోపీలు తీయించి చూశారు. ఎనభై ఒక్క మందికి బట్టతల! తర్వాత ఫుట్‌బాల్ మైదానానికి వెళ్లి, టోపీల్లేని వందమంది కాలేజీ కుర్రాళ్లను చూశారు. ఒక్కడికీ బట్టతల లేదు. ఇంతకంటే సైన్సు ఎక్కడుంటుంది?

షాద్లీ ఆ వార్తను తన కొట్లో రేడియోలో విన్నారు. షాషియాల బజారులో ఆ కొట్టు నాలుగు తరాలుగా వాళ్లదే. అర్యానాలో ఆడవాళ్లు తెల్ల ఉన్నితో గంగాళమంత టోపీలు అల్లి పంపిస్తారు. వాటిని సబ్బునీళ్లలో తొక్కించి తలంత చేయించడం, ఎండిన ముళ్లకాయలతో దువ్వి నూగు లేపడం, ఎర్రరంగు వేయించి అమ్మడం తప్ప ఆయనకు వేరే పని చేతకాదు. మార్చి పదహారున సంప్రదాయ దుస్తుల దినం. ఏడాది మొత్తమ్మీద కొట్టు కళకళలాడేది అప్పుడే. ఆ మధ్యాహ్నానికల్లా మూడు బడులు, ఒక బ్యాంకు ఫోన్ చేసి ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. కొట్టు మూసేయాల్సి వస్తుందేమోనని ఆయన బెంబేలెత్తారు.

భార్య మన్నూబియా మాత్రం బెంబేలెత్తలేదు.

"నీ నెత్తి మీద అడవిలా జుట్టుంది కదా! యాభై ఏళ్లనుంచీ టోపీ తీసిందెప్పుడు? పోయి ఆ తల చూపించి రా."

"తల చూపిస్తే వింటారంటావా?"

"నోటితో చెప్తే ఎటూ వినరు."

డాక్టర్ రవూఫ్ గారు ఆ తలను ఆప్యాయంగా తడిమి చూశారు. "బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇది మినహాయింపు. మినహాయింపులు రిపోర్టులోకి ఎక్కవు."

"పన్నెండో ఏటనుంచీ టోపీ పెడుతున్నానండీ!"

"పెట్టకపోతే ఇంకెంత ఉండేదో ఎప్పుడైనా ఆలోచించారా?"

షాద్లీ ఎప్పుడూ ఆలోచించలేదు. "మరి కాఫీ కొట్లో వాళ్లంతా ముసలాళ్లు కదండీ?"

"వయసు మా శాఖ కిందికి రాదండీ."

అయినా డాక్టరు గారిది జాలిగుండె. ఒక దారి చూపించారు. సున్నా నుంచి మొదలుపెట్టాలి. షాద్లీ గుండు కొట్టించుకుని తొంభై రోజులపాటు షాషియా తీయకుండా ఉండాలి. అప్పుడు నిజం నిగ్గు తేలుతుంది.

అధికారుల సమక్షంలో గుండు జరిగింది. ఫొటోలు తీశారు. ఆ రోజునుంచి షాద్లీ టోపీతోనే తిన్నారు, టోపీతోనే పడుకున్నారు. హమ్మాంకు స్నానానికి వెళితే శాఖవారు ఒక ఇన్‌స్పెక్టర్ని వెంట పంపారు. ఆయన ఆవిరిలో సూటు, టై విప్పకుండా కూర్చుని, టోపీ మీదనుంచి చూపు తిప్పలేదు. అలాంటి ఉద్యోగులుండబట్టే దేశం నడుస్తోంది.

పదహారో తారీఖు వచ్చింది, పోయింది. కొట్లోకి ఈగ కూడా రాలేదు. అర్యానానుంచి టోపీలల్లే జహ్రా ఫోన్ చేసింది.

"అన్నా, సూదులు పక్కన పెట్టేయమంటావా? నాకు తెగేసి చెప్పు."

"అల్లుతూ ఉండమ్మా," అన్నారు షాద్లీ. అన్నాక ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చారు.

తొంభయ్యో రోజున మంత్రిగారే స్వయంగా షాషియా తీశారు. లోపల అంగుళం ఎత్తున, ఒత్తుగా జుట్టు! డాక్టర్ రవూఫ్ గారు స్కేలు పెట్టి కొలిచారు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

"తొంభై రోజుల క్రితం ఈ తలమీద వెంట్రుక లేదు! ఫొటోలున్నాయి!"

"అంటే టోపీతో జుట్టు రాలదన్నట్టేనా అయ్యా?" అన్నారు షాద్లీ.

"రాలడమేంటయ్యా, మొలుస్తుంది!"

మర్నాడు షాద్లీ తలుపు తీసేసరికి బట్టతలల వరుస బజారు మలుపు దాటింది. ఆయన ఆనందంగా బల్ల వెనక్కి పరిగెత్తారు. మొదటి టోపీ అందుకునేలోపే ఇద్దరు అధికారులు వరుసను తోసుకుంటూ లోపలికి వచ్చారు.

"అభినందనలు షాద్లీ గారూ! మీ టోపీ నిన్న సాయంత్రం మందుల జాబితాలో చేరింది."

"అంటేనండీ?"

"జుట్టు మొలిపించేది ఏదైనా మందే కదా. మందు అమ్మాలంటే ఫార్మసీ డిగ్రీ ఉండాలి. ఉందా?"

"మా ముత్తాతనుంచీ..."

"లేదని రాసుకో," అన్నాడు పెద్ద అధికారి. చిన్న అధికారి రాసుకున్నాడు. వరుసలో వాళ్లు కేకలేస్తుండగానే తలుపు మూసి, తాళం వేసి, లక్క కరిగించి ముద్ర కొట్టారు. షాద్లీ మెట్టు మీద కూలబడ్డారు.

పెద్ద అధికారి జేబురుమాలుతో నున్నటి నెత్తి తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూసి కిందికి వంగాడు.

"లోపల నా సైజుదేమన్నా ఉండిపోయిందాండీ?"

షాద్లీ తన నెత్తి మీది షాషియా తీసి అతని నెత్తిన పెట్టారు. సరిగ్గా సరిపోయింది.

చిన్న అధికారి వెంటనే కొత్త కాగితం తీశాడు. "లైసెన్సు లేకుండా మందు ఇచ్చారు. పూర్తి పేరు చెప్పండి."

పెద్ద అధికారి సాక్షిగా సంతకం చేశాడు. టోపీ మాత్రం తీయలేదు.