టిష్యూ ప్యాకెట్ ఓటు హక్కు

ప్రజాస్వామ్యంలో ఓటరే దేవుడు, దేవుడికి ఆసనం తప్పనిసరి అని లవంగద్వీప గణతంత్ర ఎన్నికల సంఘం ఏనాడో తీర్మానించింది. అందుకే ఆ ద్వీపదేశంలో ఎవరూ నిలబడి ఓటు వేయరు. కుర్చీకి నంబరు, నంబరుకి ఓటు. కుర్చీ వదిలినవాడు ఓటు వదిలినట్టే. (ఓటరు గురించి కూడా ఒక నిబంధన ఉందంటారు, ఎవరూ చూడలేదు.)

సింగపూర్‌లోని లవంగద్వీపీయుల కోసం సెరంగూన్‌లో ఒక భవనం పై అంతస్తులో పోలింగ్ కేంద్రం వెలిసింది. శ్యామలాదేవి పొద్దున్నే వెళ్ళి కుర్చీ పట్టారు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్న కూతురు దీక్షిత దగ్గరికి వచ్చేసినా, ఆ దేశపు ఎన్నికలు ఆవిడకి ఇంటి వ్యవహారమే. తమ్ముడు పార్థసారథి పార్లమెంటుకి నిలబడ్డాడు. కిందటిసారి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఆ రోజు ఈవిడ కుర్చీల వరుస చూసి బెదిరి ఇంటికొచ్చేశారు. అప్పట్నుంచీ తమ్ముడు ఫోన్‌లో "బాగున్నావా అక్కా?" అన్నా, ఆవిడకి "ఒక్క ఓటు" అనే వినిపిస్తుంది.

మధ్యాహ్నమైనా వరుస కదల్లేదు. ఓటరు బతికే ఉన్నట్టు రాజధాని నుంచి ధ్రువీకరణ రావాలి, అక్కడేమో భోజన విరామం. (బతికున్నవాళ్ళకే ఈ ఆలస్యం. పోయినవాళ్ళ ఓట్లు ఉదయమే పడిపోయాయి.) ఆకలికి కళ్ళు తిరిగి ఆవిడ కూతురికి ఫోన్ చేశారు.

"కుర్చీ వదిలితే ఓటు పోతుందటే. ఏం చెయ్యను?"

"చోప్ చెయ్యి లాహ్, అమ్మా! టిష్యూ పెట్టేసి కిందకెళ్ళి ఏదైనా మకాన్ చేసి రా, ఆకలితో కూర్చోకు. ఎవరూ ముట్టుకోరు."

నిజమే. ఈ ఊళ్ళో ఫుడ్ సెంటర్ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే, దాన్నే చోప్ చెయ్యడం అంటారు. ఎంత గొప్పవాడైనా పళ్ళెం పట్టుకుని నిలబడతాడు గాని దాన్ని జరపడు. శ్యామలాదేవి సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసి కుర్చీలో పెట్టారు. దాని మీద ఉపేంద్ర చేతులు జోడించి నవ్వుతున్నాడు. తమ్ముడి మీద పోటీకి దిగింది ఆయనే. ప్రచారంలో పంచుతుంటే ఆవిడా తీసుకున్నారు. ఓటు తమ్ముడిదే, కాని ఊరికే వచ్చిన టిష్యూని ఎవరు పారేస్తారు?

ఆవిడ కింద దోసె తింటుండగా పైన వరుస కదిలి, ఆవిడ కుర్చీ వంతు వచ్చింది. పోలింగ్ అధికారి నిశాంత్ ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, ప్యాకెట్‌ని తీసేసే పాపానికి ఒడిగట్టలేకపోయాడు. రాజధానిలో ఉన్న ప్రధాన ఎన్నికల అధికారి తారాదేవికి ఫోన్ చేశాడు.

"మేడమ్, కుర్చీలో టిష్యూ ఉంది."

"అక్కడ దాన్ని మనిషిగా లెక్కేస్తారా?"

"అంతకంటే ఎక్కువే, మేడమ్. మనిషినైతే కాస్త జరగమంటాం."

"స్థానిక ఆచారాన్ని గౌరవించాలి. ఓటు ఎవరికో చెప్పిందా?"

"నోటితో చెప్పలేదు. ఒంటి మీద ఉపేంద్రగారి బొమ్మ ఉంది."

"అంతకంటే స్పష్టంగా ఏ ఓటరు చెప్పాడయ్యా? వేయించు."

నిశాంత్ ప్యాకెట్ మూలకి సిరాచుక్క పెట్టి, మర్యాదగా రెండు చేతులతో పట్టుకుని పెట్టెలో వేశాడు.

శ్యామలాదేవి ఆయాసపడుతూ వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

"నా ఓటు, నాయనా?"

"అయిపోయింది ఆంటీ. ఉపేంద్రగారికి."

"అయ్యో, నేను వెయ్యాల్సింది మా తమ్ముడికి!"

"సారీ ఆంటీ. కానీ చోప్ చేసింది మీరే కదా."

సాయంత్రం లెక్కింపు ముగిసింది. పార్థసారథి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఓడినవాడే అక్కకి ఫోన్ చేశాడు.

"పోనీలే అక్కా. ఈసారి నువ్వు వెళ్ళావు, నాకదే చాలు."

ఆవిడకి దుఃఖం ఆగలేదు. కళ్ళు తుడుచుకుందామని సంచిలో చెయ్యి పెట్టారు. టిష్యూ లేదు. చెల్లిన ఓటు కనక, నిబంధనల ప్రకారం అది వచ్చే ఎన్నికల దాకా సీలు వేసిన పెట్టెలోనే ఉంటుంది.