రెడ్డు విడిగా కొనుక్కోవలెను

క్యారమ్‌బోర్డుల కంపెనీవాళ్లని తిట్టకండి. చేతులెత్తి దణ్ణం పెట్టండి! వాళ్లే లేకపోతే మన జాతికి ఓర్పు, ఐకమత్యం ఎక్కణ్ణుంచి వచ్చేవి?

నమ్మరా? అయితే మకుటం కంపెనీ సంగతి వినండి. మకుటం బోర్డు కొంటే డబ్బాలో నల్లబిళ్లలుంటాయి, తెల్లబిళ్లలుంటాయి, స్ట్రైకర్ ఉంటుంది. నడిమధ్య పెట్టాల్సిన ఎర్రబిళ్ల మాత్రం ఉండదు. దాని చోట ఒక చీటీ: ‘రెడ్డు విడిగా కొనుక్కోవలెను.’ పోనీ బజార్లో దొరికే మామూలు రెడ్డు తెచ్చుకుందామా? అది మకుటం చిల్లులో పట్టదు. చిల్లులు ఓ పిసరు చిన్నవి చేసి పెట్టారు, మహానుభావులు! పౌడరు కూడా వాళ్లదే చల్లాలి. లేకపోతే గ్యారంటీ రద్దు.

దీన్ని దోపిడీ అంటారా? నేను శిక్షణ అంటాను! రేపు హోటలువాళ్లు ఇడ్లీ పెట్టి చట్నీ విడిగా అమ్మితే, సినిమాహాలువాళ్లు సినిమా అంతా చూపించి ఆఖరి రీలు విడిగా అమ్మితే, ఈ దేశం ఎంత క్రమశిక్షణతో మెలుగుతుందో ఊహించండి. అన్నీ ఒకే డబ్బాలో దొరికిపోతే మనిషి ఎదురుచూడటానికి ఏం మిగులుతుంది?

హఫీజ్‌పేట్‌లో ఉండే భీమేశ్వరరావుకి మాత్రం ఈ శిక్షణ ఒంటికి పట్టలేదు.

ఆయన కాకినాడ నుంచి వచ్చి కూకట్‌పల్లి దగ్గర ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. స్టేషను వెనక కిరాయి ఇల్లు. ఊరుకాని ఊళ్లో ఆయనకున్న ఆస్తులు రెండు. ఒకటి మీసం. రోజూ కొబ్బరినూనె రాసి, దువ్వి, అద్దంలో రెండువైపులా సరిచూసుకునేవాడు. రెండోది సాయంత్రం ఆట. ఫ్యాక్టరీ విడవగానే ఫిట్టరు ఐలయ్య వచ్చి వసారాలో ఎదురుగా కూర్చునేవాడు. ఐలయ్యది హఫీజ్‌పేటే. ఆ ఇద్దరికీ భాష సగమే కలిసేది, ఆట మాత్రం పూర్తిగా కలిసేది.

ఎన్నాళ్లో ఆశపడి, పాత బోర్డు అమ్మేసి, భీమేశ్వరరావు మకుటం బోర్డు కొన్నాడు. అద్దంలాంటి బోర్డు! డబ్బా విప్పాడు. చీటీ చదివాడు. ‘అన్యాయం!’ అని ఆయన పెట్టిన కేకకి స్టేషనులో గార్డు పచ్చజెండా దించేశాడని చెప్పుకుంటారు.

మర్నాడు మకుటం బాధితులందరినీ వసారాకి పిలిచాడు. ఇక ఆ కంపెనీ సరుకు ముట్టబోమని అందరూ చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. దేని మీదంటారా? మకుటం బోర్డు మీదే. మరొకటి దొరకలేదు పాపం! చెయ్యి పెట్టినవాళ్లు, ఎంత నున్నగా ఉందో అని ఇంకోసారి నిమిరి మరీ తీశారు.

భీమేశ్వరరావు అక్కడితో ఆగలేదు. ‘నేను మళ్లీ ఈ కంపెనీ వస్తువు కొన్నానంటే సగం మీసం తీయించుకుంటాను!’ అన్నాడు, మెలితిప్పుతూ.

ఐలయ్య ఒక్కడే ఒట్టు పెట్టలేదు. ‘ఒట్టు గిట్టు నాకొద్దు రావుసాబ్. ఆట లేకుంటే నాకు బువ్వ సయించదు. నువ్వు ఆ మీసం సంగతి జర సోచాయించుకో.’

రెడ్డు లేని క్యారమ్స్ ఎవరికి కావాలి? అందుకని మామూలు రెడ్లు తెచ్చి అరగదీయడం మొదలుపెట్టారు. ఇంటి గడపలు చాల్లేదు. ఆదివారాలు గోపన్‌పల్లి గుట్టలెక్కి, గరుకైన బండ చూసుకుని, వరుసగా కూర్చుని బిళ్లలు రుద్దేవారు. సైకిలు మీద పోయేవాళ్లు దిగి, ‘ఏం పూజ నడుస్తుంది సార్?’ అని అడిగేవారు. చూశారా, ఎప్పుడూ పొద్దెక్కేదాకా పడుకునే గుమాస్తాలని తెల్లారేసరికి కొండెక్కించింది ఎవరు? కంపెనీయే కదా!

రుద్దేటప్పుడు భీమేశ్వరరావు చెయ్యి జారింది. రెడ్డు ఒకపక్క చదునైంది, కొరికిన బిస్కెట్టులా. అయినా చిల్లులో పడింది! ఆ సాయంత్రం ఐలయ్య దాన్ని వేసి, వెంటనే దాని వెనక వేయాల్సిన ఫాలో బిళ్ల కూడా వేసి, ఎగిరి గంతేశాడు. ఓడిపోయిన భీమేశ్వరరావు అంతకన్నా ఎత్తు ఎగిరాడు.

ఆ సంబరం మధ్యలోనే దిగాడు కంపెనీ ఇన్‌స్పెక్టరు రామ్మోహనరావు. గ్యారంటీ తనిఖీ అట. బోర్డు మీద ముక్కు ఆనించి, నాలుగు మూలలా వాసన చూశాడు.

‘ఇది మా పౌడరు కాదండి. మొహానికి రాసుకునేదండి,’ అన్నాడు.

‘నాదేనండి,’ అంది భీమేశ్వరరావు భార్య రాజరాజేశ్వరి గుమ్మంలోంచి. ‘నా మొహానికి లేకుండా దానికే పూస్తున్నారు.’

గ్యారంటీ రద్దయింది. పోతూ పోతూ ఇన్‌స్పెక్టరు ఆ అరగదీసిన రెడ్డుని సాక్ష్యానికని జేబులో వేసుకుపోయాడు. భీమేశ్వరరావు ఎన్ని రుద్దినా మళ్లీ అలాంటిది కుదరలేదు. ఐలయ్య రోజూ వచ్చేవాడు. ఇద్దరూ బోర్డుకి అటొకరు ఇటొకరు కూర్చుని, ఊరికే నల్లబిళ్లలు కదిపి లేచిపోయేవారు. కొన్నాళ్లకి ఐలయ్య రావడం కూడా తగ్గింది. ఆయన ఆ ఖాళీ వసారాలో ఒక్కడే కూర్చుని బోర్డు తుడుచుకునేవాడు.

అప్పుడు కూకట్‌పల్లి బజార్లో, షాపు అద్దం వెనక కనబడింది. ‘మకుటం వారి హఫీజ్‌పేట్ స్పెషల్! చేతి అరుగుదల రెడ్డు!’ ఒక్కటి కాదు, గాజుసీసా నిండా ఉన్నాయి. ప్రతిదానికీ ఒకపక్క అదే చదును. ఆయన చెయ్యి జారిన తప్పుని మెషీను పెట్టి పొల్లుపోకుండా చెక్కారు.

భీమేశ్వరరావుకి కోపం రావాలి కదా? రాలేదు. ముద్దొచ్చింది! తన పోలికే. ఎవరింట్లోనో పెరుగుతున్న తన బిడ్డని చూసినట్టయింది.

‘ఒక్క రెడ్డు ఇవ్వండి,’ అన్నాడు.

‘ఇది విడిగా ఇవ్వమండి. కొత్త బోర్డుతోనే. పాత చిల్లులో ఇది పట్టదు కూడానూ,’ అన్నాడు షాపాయన.

తన బోర్డు కోసం తన చేత్తో అరగదీసిన బిళ్ల, ఇప్పుడు తన బోర్డులోనే పట్టదు! ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా కొన్నాడు. కొనక? బోర్డు నెత్తిన పెట్టుకుని ముందు మంగలి దగ్గరికి వెళ్లి ఎడమవైపు మీసం తీయించుకుని, తర్వాత ఇంటికి వెళ్లాడు.

రాజరాజేశ్వరి అద్దం తెచ్చి చేతికిచ్చింది. ‘ఏమండీ, ఆ మిగతా సగం కూడా తీయించుకోరాదూ?’

‘ఒట్టు సగానికే పెట్టాను. మాట తప్పను,’ అన్నాడాయన.

మాట మీద నిలబడటం ఎంత కష్టమో మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. నవ్వనివాడు లేడు. సాయంత్రం తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఎవరో తట్టారు. తీస్తే ఐలయ్య. కుడివైపు మీసం లేదు!

‘నువ్వు ఒట్టు పెట్టలేదు కదయ్యా!’

‘నువ్వొక్కనివే గిట్ల తిరిగితే మంది నవ్వుతరు రావుసాబ్. ఇద్దరం తిరిగితే ఫ్యాషన్ అంటరు. ఇగ బోర్డు దియ్యి.’

భీమేశ్వరరావు గబగబా బోర్డు తీశాడు. ఆ సాయంత్రం వాళ్లాడినంత ఆట హఫీజ్‌పేట్ ఎన్నడూ చూడలేదు. గోడ మీంచి జనం చూశారు. ఫోటోవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన ఇన్‌స్పెక్టరు రామ్మోహనరావూ చూశాడు.

ఇప్పుడు చెప్పండి, అలాంటి కంపెనీని సమర్థించొద్దూ? అరిగిన చేతులు మనవి, ఊరిపేరు మనది, స్నేహం మనది. వాటిని డబ్బాలో సర్ది, మూత బిగించి, మళ్లీ మన గుమ్మంలోకే తెచ్చిపెట్టే శ్రమ వాళ్లది. ఆ మాత్రం కృతజ్ఞత లేకపోతే ఎలా? నేను కూడా నిన్ననే కొత్త మకుటం కొన్నాను.

డబ్బా మీద భీమేశ్వరరావు బొమ్మ వేశారు. కళకళలాడుతున్నాడు, మీసం మాత్రం సగమే. మిగతా సగం ఏదని షాపాయన్ని అడిగాను.

అది ఐలయ్య మొహం మీద ఉందట. ఐలయ్య పౌడరు డబ్బా మీద ఉన్నాడట. విడిగా కొనుక్కోవాలట!